యాళిని ఇంటి సౌండ్ కంప్లైంట్

2022వ సంవత్సరం జూన్ నెల. కరోనా సెలవులన్నీ ముగిసి ఇస్కూళ్ళు సరిగ్గా తెరిచిన ఏడాది అది. మాది తమిళనాడులో తిరుత్తణి పక్క పొదటూరుపేట. ఇరవై ఆరేండ్లుగా ఈ ఊర్లో కేబుల్ టీవీ నడుపుతా ఉండాను. పేరు మునిరత్నం. ఆ పేరు చెప్తే సగం ఊరికి తెలీదు, కేబులాయన అంటే ముసలోళ్ళకు కూడా తెలుస్తాది. తిరుత్తణి రోడ్డులో ఒక చిన్న రూము, అందులో వైరు చుట్టలు, చెడిపోయిన బాక్సుల కుప్ప. నా ఆఫీసు అంటే అదే.

మాది మగ్గాల ఊరు. ముందు చేతిమగ్గాలు, ఇప్పుడు చానా ఇండ్లల్లో మరమగ్గాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పిల్లోళ్ళు ఆటలో తమిళంలో కొట్లాడి, ఏడుస్తా ఇంటికొచ్చి అమ్మ దగ్గర తెలుగులో పితూరీ చెప్తారు. దీన్ని మేమెవురమూ గొప్ప అనుకోలేదు, కష్టం అనీ అనుకోలేదు. మాకు తెలిసి ఎప్పుడూ ఇట్లే ఉండాది.

పిల్లల బొమ్మల చానళ్ళ గురించి ఒక మాట చెప్పల్ల. వాటిలో బొమ్మ ఒకటే వస్తాది, మాటలు మాత్రం మూడు నాలుగు భాషల్లో వస్తాయి. ఒక్కో భాషకు ఒక్కో దారి. ఆ దారిని మేము ఆడియో ట్రాక్ అంటాము. రిమోట్లో ఒక బటన్ నొక్కితే తమిళం పోయి తెలుగొస్తాది, ఇంకోసారి నొక్కితే మళ్ళీ తమిళం. ఈ సంగతి చానామందికి తెలీదు. అందుకని కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు నేనే అడుగుతాను, ఇంట్లో ఏం మాట్లాడతారు, బిడ్డలు ఎంతమంది, టీవీ ముందర ఎవురు ఎక్కువ కూర్చుంటారు అని. దానికి తగినట్ల సెట్‌టాప్ బాక్సులో భాష పెట్టి ఇస్తాను. చానా ఇండ్లల్లో పొద్దున అవ్వ పక్కన తెలుగులో చూసిన కతనే సాయంత్రం ఇస్కూలు నుంచి వచ్చిన అక్క తమిళంలో పెడతాది. చిన్నోళ్ళు రెండూ పట్టేస్తారు. టీవీలో వచ్చే తెలుగు మా ఊరి తెలుగు కాదులెండి. “ఈ ఎలుగుబంటి ఏందిరా, రిజిస్టర్ ఆఫీసులో దస్తావేజు చదివినట్ల మాట్లాడతాది” అని అవ్వలు నవ్వుకుంటారు. నవ్వుకున్నా చూస్తారు.

జూలై నెలలో కవిత ఫోన్ చేసింది. మా వెనక వీధి. ఇంటి ముందు హాల్లో రెండు మరమగ్గాలు, వాటిని నడిపేది ఆ పిల్లే. మొగుడు గుణశేఖర్ శ్రీపెరంబుదూరు పక్క ఒక కంపెనీలో షిఫ్టు పనికి పోతాడు. వాళ్ళకు ఒకే బిడ్డ, నాలుగేండ్ల యాళిని. గుణశేఖర్ వాళ్ళమ్మ రాజమ్మవ్వ కూడా ఆ ఇంట్లోనే ఉంటాది.

“అన్నా, మా బాక్సులో తెలుగు రాకుండా చెయ్యల్ల” అనింది కవిత.

ఇరవై ఆరేండ్లలో ఆ చానల్ కావాల, ఈ చానల్ కావాల అని నా ప్రాణం తీసినోళ్ళు ఉండారు. ఒక భాష వద్దు అని అడిగింది ఆ పిల్ల ఒక్కతే. ఏమ్మా అని అడిగితే, ఇంటికి రాన్నా చూపిస్తాను అనింది.

పోయినాను. మగ్గాలు రెండూ ఆడతా ఉండాయి. మరమగ్గం ఆడే ఇంట్లోకి ఎప్పుడన్నా పోయినారా మీరు? ఆ తటతట శబ్దంలో మనం మాట్లాడింది మనకే వినపడదు. ఆ ఇండ్లల్లో మామూలుగా మాట్లాడేదానికే అరిచినట్ల మాట్లాడతారు, లేదంటే దగ్గరికొచ్చి చెవిలో చెప్తారు. కవిత మగ్గం ఆపి, బిడ్డ డైరీ తెచ్చి ఇచ్చింది. అందులో ఒక చీటీ అంటించి ఉండింది. అదేమన్నా యాళిని కోసం రాసిందా అంటే కాదు, ప్రింటు వేసిన చీటీ. పేరు దగ్గర మాత్రం పెన్నుతో యాళిని అని నింపినారు. బిడ్డ క్లాసులో పిలిస్తే పలకడం లేదు, ఇంట్లో తెలుగు మాట్లాడేదాని వల్ల గందరగోళ పడతా ఉండాది, ఇకమీదట ఇంట్లో ఇంగ్లీషు, తమిళం మాత్రమే మాట్లాడండి, టీవీ కూడా ఆ భాషల్లోనే పెట్టండి. ఇదీ అందులో ఉండేది. కింద ఇస్కూలు ముద్ర.

ముద్ర చూస్తే మనకు ఒక భయం. చదువుకున్నోళ్ళు వేసినారు గదా, సరిగ్గానే ఉంటాది అనుకుంటాము. నేనూ అట్లే అనుకున్నాను. బాక్సులో భాషను తమిళానికి మార్చి, ఎవురూ మళ్ళీ మార్చకుండా మెనూకు నాలుగంకెల లాక్ పెట్టినాను. ఐదు నిమిషాల పని.

పని ముగించి లేస్తా ఉంటే రాజమ్మవ్వ నా దగ్గరికి వచ్చింది. ఆమె పుట్టిల్లు ఆంధ్రాలో నగరి పక్క. కూరగాయలు బేరం చేసేంత తమిళం వస్తాది, బిడ్డకు కత చెప్పేంత రాదు. ఆ బిడ్డను పుట్టినప్పటి నుంచి ఒళ్ళో పెట్టుకోని సాకింది ఆమే. తల్లి మగ్గం దగ్గర ఉంటే బిడ్డ ఆమె ఒళ్ళోనే అన్నం తిని, ఆమె ఒళ్ళోనే నిద్రపోయేది.

“నాయనా, నువ్వు పదిండ్లు తిరిగేవోడివి. నువ్వు చెప్పు. నేను మాట్లాడితే బిడ్డ చెడిపోతాదా?” అని అడిగింది.

“చదువుకున్నోళ్ళు చెప్పినారు గదవ్వా. కొన్నాళ్ళు బిడ్డతో మాట్లాడకుండా ఊరుకో. దాని మేలుకే గదా” అన్నాను నేను.

ఆమె సరే అని తలూపి, చీరకొంగు సర్దుకోని లోపలికి పోయింది. నేను బండి తీసుకోని వచ్చేసినాను.

ఆగస్టులో ఆ ఇంటి నుంచి మొదటి కంప్లైంట్ వచ్చింది. సౌండ్ తక్కువగా వస్తా ఉండాది అని. బాక్సును టీవీకి కలిపే వైరు పాతదైతే అట్ల అవుతాది అని వైరు మార్చినాను. పది రోజులకు మళ్ళీ అదే కంప్లైంట్. ఈసారి బాక్సే మార్చి, కొత్త బాక్సులో కూడా తమిళం పెట్టి లాక్ వేసినాను. సెప్టెంబరులో మూడోసారి. నాకు కోపం వచ్చింది. ఎందుకంటే ఇందులో ఒక సంగతి ఉండాది. పాత కాలం కేబుల్లో సిగ్నల్ తగ్గితే బొమ్మ గింజలు గింజలుగా వచ్చేది, సౌండూ తగ్గేది. ఇప్పుడుండే డిజిటల్లో అట్ల కాదు. సిగ్నల్ తగ్గితే బొమ్మ ముక్కలు ముక్కలవుతాది, సౌండ్ తెగి తెగి వస్తాది, లేదంటే పూర్తిగా పోతాది. కొంచెం తక్కువగా వినిపించడం అనేది డిజిటల్లో లేదు. మీటర్ పెట్టి చూసినాను, వాళ్ళింటికి వచ్చే సిగ్నల్ మా ఇంటికంటే బాగుండాది.

“ఏమ్మా కవితా, అంతా సరిగ్గానే ఉండాది గదా. ఊరికే ఊరికే నన్నెందుకు తిప్పతావు?” అని గట్టిగా అడిగేసినాను.

“నేను తిప్పతానా అన్నా? పాప సౌండ్ పెంచతానే ఉంటాది. వీధి మొత్తానికి వినిపిస్తాది, అయినా చాలదు దానికి. టీవీకి అతుక్కోని కూర్చుంటాది. కండ్లు పోతాయి పోవే అంటే పోదు. తిరుత్తణిలో కండ్ల క్యాంపు పెడితే చూపించుకోని కూడా వచ్చినాము. కండ్లు బాగుండాయంట.”

చూడండి మా తెలివి. బిడ్డ సౌండ్ పెంచితే బాక్సు మార్చినాము. టీవీ దగ్గరికి పోతే కండ్లు చూపించినాము. క్లాసులో పలకకపోతే తెలుగు ఆపినాము. ఎవురికీ తట్టలేదు. మగ్గాలు ఆడే ఇంట్లో అందరూ అరిచే మాట్లాడతారు, అందరూ సౌండ్ పెంచే చూస్తారు, కాబట్టి ఆ ఒక్క బిడ్డ మీద ఎవురి కన్నూ పడలేదు. ఇస్కూల్లో మగ్గాలు లేవు గదా, వాళ్ళకు ఏం వచ్చింది అని ఈ రోజుకీ నాకు మండుతాది.

అక్టోబరు నెల. నాలుగోసారి పోయినాను. ఆ పొద్దు ఒక మగ్గం మోటారు రిపేరికి పోయింది, రెండోదానికి నూలు లేదు. ఇరవై ఆరేండ్లలో ఆ ఇల్లు అంత నిమ్మళంగా ఉండింది నేను చూడలేదు. కవిత నూలు కోసం బయటికి పోయింది. అవ్వ గోడకు ఆనుకోని కూర్చోని ఉండింది. యాళిని టీవీ ముందర, తెర నుంచి ఒక అడుగు దూరం. బొమ్మల చానల్, తమిళం. సౌండ్ అంకె చూస్తే డెబ్బై. మామూలుగా ఇండ్లల్లో ఇరవై ఉంటాది.

నేను టీవీ పక్కన నిలబడి రిమోట్ తీసుకోని సౌండ్ ఇరవైకి తగ్గించినాను. బిడ్డ లేచి, టీవీ కింద స్పీకర్ ఉండే చోట చెయ్యి పెట్టింది. “పాపా, జరుగు” అన్నాను. జరగలేదు. “యాళినీ” అని దాని వెనక్కి పోయి పిలిచినాను. తిరగలేదు. బొమ్మలు చూస్తే పిల్లోళ్ళు అంతేలే అనుకున్నాను.

తెర మీద ఎలుగుబంటి పాట పాడతా ఉండాది. సౌండ్ బాక్సులో పోతా ఉండాదా, టీవీలో పోతా ఉండాదా అని తెలుసుకునేదానికి మ్యూట్ బటన్ నొక్కడం మాకు అలవాటు. మ్యూట్ అంటే సౌండ్ మొత్తంగా ఆపేసేది. నొక్కినాను. పాట ఆగిపోయింది. పక్కకొచ్చి బిడ్డ మొహం చూసినాను. ఏం మారలేదు. అట్లే చూస్తా ఉండాది. మ్యూట్ తీసినాను, ఇరవైలో పాట వచ్చింది. ఏం మారలేదు. మళ్ళీ నొక్కినాను. ఇంట్లో ఏ బిడ్డ చూసే బొమ్మకైనా పాట మధ్యలో సౌండ్ ఆపి చూడండి, ఇల్లు పీకి పందిరేస్తాది. ఈ బిడ్డ కదల్లేదు. అప్పుడు మెల్లగా పెంచుకుంటా పోయినాను. ముప్పై, నలభై. యాభై ఐదు దాటినాక బిడ్డ ఒళ్ళు ఊగింది. అరవైలో నా పక్క తిరిగి నవ్వింది. మళ్ళీ ఇరవైకి తెచ్చినాను. నవ్వు పోయింది. చెయ్యి మళ్ళీ స్పీకర్ మీదికి పోయింది.

ఆ బిడ్డకు ఇరవైకీ మ్యూట్‌కీ తేడా లేదు.

రాజమ్మవ్వ నన్నే చూస్తా ఉండింది. “ఏం నాయనా, బాక్సు చెడిపోయిందా?” అని అడిగింది. అవ్వా, బిడ్డను పిలువు అన్నాను. ఆమె వాకిలి పక్క చూసింది, కోడలు వస్తా ఉండాదేమో అని. తర్వాత చెయ్యి చాపి బిడ్డను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. దాని తలను తన దవడకు ఆనించుకోని, చెవి పక్కనే నోరు పెట్టి, మామూలు గొంతుతోనే, “పాలు తాగతావా నా తల్లీ?” అని అడిగింది.

“తాగతా. చక్కెర ఎయ్యి” అనింది యాళిని. ఠక్కున అనింది.

మాట రాని బిడ్డ, మాట తెలీని బిడ్డ, గందరగోళ పడిన బిడ్డ అని ముద్ర వేసిన బిడ్డ అది. మగ్గాల ఇంట్లో ఒళ్ళో పెట్టుకోని చెవిలో మాట్లాడడం ముసలోళ్ళకు అలవాటు. లోకంలో ఆ బిడ్డకు సరిగ్గా వినిపించే గొంతు అదొక్కటే. అది తెలుగు కాబట్టి బిడ్డకు తెలుగొచ్చింది. క్లాసులో పది అడుగుల దూరం నుంచి టీచర్ చెప్పే తమిళం, ఇంగ్లీషు దాని చెవికి పోతే గదా రావడానికి. మేమందరమూ కలిసి ఏం చేసినాము? వినిపించే ఆ ఒక్క గొంతునూ మూయించినాము.

కవిత వచ్చినాక మళ్ళీ చేసి చూపించినాను. ఇరవై, మ్యూట్, ఇరవై, అరవై. ఆ పిల్ల నూలు మూట చేతిలోనే పెట్టుకోని నిలబడి ఏడ్చింది. ఆదివారం గుణశేఖర్ ఉండేటప్పుడు మళ్ళీ పోయి చెప్పినాను. వాడు ఒప్పుకోలేదు.

“అన్నా, గట్టిగా పిలిస్తే పలకతాది గదా. ఇప్పుడు ఆసుపత్రి అని తిరిగితే ఆడబిడ్డకు చెవుడు అని ఊరంతా పేరు పెడతారు. అది పోతాదా మళ్ళీ?”

“ఇప్పుడు పెట్టిన పేరేందప్పా? మొద్దు అని పెట్టినారు. అది బాగుండాదా నీకు?”

“మిస్ చెప్పింది గందరగోళం అనే గదా. చెవుడు అని చెప్పలేదే.”

“ఆ మిస్ ఇంగ్లీషు పాట నేర్పతాది, తమిళం పాట నేర్పతాది, డబ్బులు కట్టినోళ్ళకు హిందీ కూడా నేర్పతాది. అప్పుడంతా రాని గందరగోళం మీ అమ్మ పాలు తాగతావా అంటే వస్తాదా? నువ్వు ఏ భాషలో పెరిగినావు? కంపెనీలో తమిళోళ్ళతో ఏ భాషలో పని చేస్తా ఉండావు? నీకు రాలేదే గందరగోళం.”

లోపల్నుంచి కవిత వచ్చి, “నువ్వు రావద్దులే, నేను పోతాను” అనింది. ఆ గొంతు విని నేనే ఒక అడుగు వెనక్కి వేసినాను.

మంగళవారం పొద్దున్నే కవిత, అవ్వ, బిడ్డ, నేను నలుగురం తిరుత్తణి దాకా బస్సులో పోయి, అక్కడ ఎలక్ట్రిక్ రైలు ఎక్కి తిరువళ్ళూరులో దిగినాము. పెద్దాసుపత్రిలో చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ చిన్న వయసు. ఒక లైటుండే గొట్టం పెట్టి రెండు చెవులూ చూసింది. తర్వాత ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి పరీక్ష చేసినారు. శబ్దం వినిపిస్తే ఒక ప్లాస్టిక్ బిళ్ళను గిన్నెలో వెయ్యల్ల. ఆ పని ఎట్ల చెయ్యల్లో బిడ్డకు అర్థం కాలేదు, వాళ్ళు తమిళంలో చెప్తా ఉండారు. అవ్వ దాని చెవిలో ఒకసారి తెలుగులో చెప్పింది. తర్వాత బిళ్ళలు టకటక పడినాయి.

డాక్టరమ్మ కాగితం చూపించి తమిళంలో వివరంగా చెప్పింది. మాటిమాటికీ జలుబు చేసి, చెవిలో కర్ణభేరి వెనక బంక మాదిరి నీళ్ళు చేరినాయి. రెండు పక్కలా. చిన్నపిల్లల్లో ఇది చానా మామూలు. నరం బాగుండాది, చెవుడు కాదు. మందులు ఇస్తాను, తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేసి సన్నటి గొట్టం పెడతాము, నీళ్ళు పోతాయి. కానీ ఇన్ని నెలలు ఎందుకు ఊరికే ఉండారు, మాటలు నేర్చుకునే వయసు గదా ఇది అని అడిగింది.

కవిత సంచిలో నుంచి ఇస్కూలు చీటీ తీసి ఇచ్చింది. డాక్టరమ్మ చదివి దాన్ని తిరిగి ఇచ్చేసింది. “రెండు భాషలు కాదమ్మా, మూడైనా నేర్చుకుంటారు పిల్లలు. వినిపించాల, అంతే. మొదట ఇంట్లో భాష గట్టిగా రానీ, తక్కినవి దాని మీదనే నిలబడతాయి” అనింది.

రాజమ్మవ్వకు ఆ తమిళం సగమే అర్థమయ్యింది. ఆమె ముందుకొచ్చి చేతులు జోడించి తెలుగులో అడిగింది. “తల్లీ, నేనిప్పుడు బిడ్డతో మాట్లాడొచ్చునా?”

డాక్టరమ్మకు తెలుగు రాదు. పాటి, అంటే అవ్వ, ఏం అడగతా ఉండారు అని నన్ను అడిగింది. నేను తమిళంలో చెప్పినాను. ఆ అమ్మ మొహం మారిపోయింది. ఎవురు ఈమెను మాట్లాడొద్దని చెప్పింది అని అడిగింది.

కవిత తల వంచుకుంది. నాకు ఆ పక్క ఈ పక్క చూడబుద్ధి కాలేదు. “నేనే చెప్పినాను మేడం” అన్నాను. నిజం అదే గదా. ఇస్కూలు చీటీ ఇచ్చింది, తల్లి భయపడింది, సరే. ఆ ముసలామె మాత్రం వచ్చి అడిగింది నన్నే. నా మాట విని ఆమె మూడు నెలలు మనవరాలిని ఒళ్ళో పెట్టుకోని నోరు మెదపకుండా కూర్చుంది. నీళ్ళు కావాలంటే సైగ చేసిందంట. నేను ఏం చదువుకున్నాను? వైరు కలపడం వచ్చు, ఆడియో ట్రాక్ మార్చడం వచ్చు. ఒక అవ్వను మనవరాలితో మాట్లాడొద్దు అనేదానికి నాకు ఏం పని?

ఆ రోజు రైల్లో తిరుత్తణి వచ్చేదాకా అవ్వ ఆపలేదు. తోటలో కాకర పాదు నుంచి వాళ్ళ నగరి చిన్నాన్న పెండ్లి దాకా అన్నీ ఆ బిడ్డ చెవిలో పోసింది. ఎదురుగా కూర్చున్నోళ్ళు నవ్వుకున్నారు. నేను కిటికీ పక్క తిరిగి కూర్చున్నాను.

అదే సాయంత్రం బాక్సులో లాక్ తీసేసినాను. మందులకు ఒక చెవి తగ్గింది, రెండోది తగ్గలేదు. జనవరి చివర చిన్న ఆపరేషన్ చేసినారు. గుణశేఖర్ లీవు పెట్టి వచ్చినాడు, అది చెప్పల్ల. వారం పోయినాక చూసేదానికి వాళ్ళింటికి పోయినాను. అవ్వ ఎప్పటి మాదిరే బిడ్డను లాక్కోని చెవి పక్కన నోరు పెట్టి ఏందో చెప్పబోయింది. యాళిని రెండు చేతులతో ఆమె మొహాన్ని వెనక్కి తోసింది.

“అరవద్దవ్వా. మెల్లిగా చెప్పు. నాకు ఇనిపిస్తాది” అనింది.

అవ్వ ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పకపకా నవ్వింది. కవిత మగ్గం ఆపేసి వచ్చి వాకిట్లో నిలబడింది. టీవీ సౌండ్ పద్దెనిమిదిలో ఉండింది. ఎలుగుబంటి తెలుగు మాట్లాడతా ఉండాది.

ఇక్కడితో ముగిసింటే నేను ఇదంతా రాసే పనే లేదు. ఫిబ్రవరి, మార్చిలో బిడ్డకు తమిళం గడగడా వచ్చేసింది. ఇంగ్లీషు పాటలు కూడా. వినిపిస్తే వస్తాయి గదా. ఏప్రిల్లో ఇస్కూల్లో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టినారు. అందులో కరస్పాండెంట్, అంటే ఇస్కూలు నడిపే పెద్దాయన, యాళిని పేరు చెప్పి మెచ్చుకున్నాడంట. ఈ బిడ్డ తల్లిదండ్రులు మేము చెప్పినట్ల ఇంట్లో తెలుగు ఆపినారు, టీవీలో కూడా ఆపినారు, ఫలితం చూడండి, మీరందరూ అట్లే చెయ్యండి అన్నాడంట. కవిత లేచి కాదు సార్ అని చెప్పబోతే, కూర్చోమ్మా తర్వాత మాట్లాడదాం అన్నారంట.

కవిత ఇంటికొచ్చి నాకు చెప్పింది. మరుసటి రోజు ఆసుపత్రి కాగితాలు తీసుకోని ఇద్దరం ఇస్కూలుకు పోయినాము. పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టినాడు. కాగితాలన్నీ చూసినాడు, చెవి బొమ్మ కూడా చూసినాడు.

“సరి, చెవి బాగయ్యింది, సంతోషం. అది వేరే విషయం” అన్నాడు.

“వేరే విషయం ఎట్లవుతాది సార్? వినపడక పలకలేదు. మీరు భాష మీద వేసినారు.”

“మునిరత్నం, మాకు మూడు వందల మంది పిల్లలు ఉండారు. ఒక పద్ధతి అని ఉంటాది. ఒక బిడ్డ కోసం మార్చలేము.”

“ఒక బిడ్డ చెవి చూడలేదు గానీ, అదే బిడ్డను చూపించి అందరి అవ్వల నోరు మూయించచ్చునా?”

ఆయన గడియారం చూసుకున్నాడు. క్లాసు టీచర్‌కు చెప్తానులే అన్నాడు. ఇంకొంచెంసేపు ఉంటే నేను ఏమి మాట్లాడేవోణ్ణో నాకే తెలీదు, కవిత లేచి నా చొక్కా పట్టి లాగింది. ఆ ప్రింటు చీటీ ఈ రోజుకీ పోతా ఉండాది. అదే ముద్ర, అదే ఖాళీ, పేరు మాత్రం పెన్నుతో నింపతారు. కవిత మాత్రం జూన్‌లో బిడ్డను వేరే ఇస్కూల్లో చేర్చింది.

ఆ కేసు తర్వాత నా పనిలో రెండు మార్పులు వచ్చినాయి. సౌండ్ తక్కువ అని ఎవురు ఫోన్ చేసినా, ఎవురికి తక్కువగా వినిపిస్తా ఉండాది అని మొదట అడుగుతాను. ముసలోళ్ళకు అంటే ఒక మాదిరి, పిల్లోళ్ళకు అంటే ఇంకో మాదిరి. రెండోది, ఏ ఇంట్లో అడిగినా భాషకు లాక్ పెట్టను. ఈ రెండూ నాకు ఏ కేబుల్ ట్రైనింగులోనూ నేర్పలేదు.

పోయిన నెల కొత్త వీధి నుంచి ఒకామె ఫోన్ చేసింది. వాళ్ళ మూడున్నరేండ్ల పిల్లోడు, అదే ఇస్కూలు, అదే చీటీ. తెలుగు తీసెయ్యన్నా అనింది.

“తీయనమ్మా. పిల్లోడు టీవీ దగ్గరికి పోయి కూర్చుంటాడా? వెనక నుంచి పిలిస్తే తిరగతాడా? మొదట తిరువళ్ళూరు పోయి చెవి చూపించుకోని రాండి.”

ఆమెకు కోపం వచ్చింది. “ఏందన్నా నువ్వు, కేబులోడివా, డాక్టరువా? చెప్పింది చేసేదానికి ఏం?”

“కేబులోణ్ణేనమ్మా. మీ ఇస్కూలోళ్ళు నాలుగు నెలలు పాఠం చెప్పి కనిపెట్టలేనిది ఈ కేబులోడు రిమోట్ పెట్టుకోని కనిపెట్టినాడు. డాక్టరు అయ్యింటే ఇంకా ముందే కనిపెట్టిందును. నేను తెలుగు తీయను, ఇంకో ఆపరేటరు దగ్గరికి పోతే పో. పోయే ముందు ఒక పని చెయ్యి. వాడు బొమ్మలు చూసేటప్పుడు మ్యూట్ నొక్కి వాడి మొహం చూడు.”

ఫోన్ పెట్టేయలేదు. అట్లే లైన్లో ఉండింది. అవతల టీవీలో ఎలుగుబంటి మాట్లాడతా ఉండాది, ఠప్పున ఆగిపోయింది. నేను కాచుకోని ఉండాను. పిల్లోడు అరుస్తాడని, ఏడుస్తాడని చెవి పెట్టి విన్నాను. ఏ శబ్దమూ రాలేదు.

“అన్నా,” అనింది ఆమె, “తిరువళ్ళూరులో ఏ డాక్టరు దగ్గరికి పోవల్ల?”